ఎడమ దిక్కు పాత నంబరు, కుడి దిక్కు కొత్త నంబరు

పోయిన నెల ఇద్దరు ఆడపిల్లలు కామారెడ్డిలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చిన్రు. నేను రిటైరైనంక నా పనిలో చేరినోళ్లు. కూర్చొని, మంచినీళ్లు తాగి, చిన్నగా అడిగిన్రు.

"మేడం, మీరు ఇన్నేండ్లు ఏం పని చేసిన్రో మాకు ఎవ్వరు సరిగ చెప్తలేరు. సర్వర్‌లోకి నంబర్లు ఎక్కించేటోళ్లు అంటున్నరు. గంతేనా?"

"గంతే" అని నవ్వి చాయ్ పెట్టిన. వాళ్లు పోయినంక మాత్రం మనసు ఊకోలేదు. గంతే అని ఎందుకన్న? ఇప్పటికీ ఆ పని గుర్తుకొస్తే నేను కూర్చున్న కాడ కూర్చోలేను. వంటింట్లోకి పోయి ఏదో ఒక గిన్నె తోముతూ, ఫలానా రోజు ఫలానా వరుస ఎట్ల దొరికిందో మళ్లీ మనసులో చెప్పుకుంటా. అందుకే వాళ్లిద్దరి కోసం, వాళ్ల తర్వాత వచ్చేటోళ్ల కోసం ఇది రాస్తున్న. ప్రమోషన్లు, ఫైళ్లు, సెలవు చీటీల సంగతి రాయను. అవి ఏ ఉద్యోగంలోనైనా ఒక్కతీరే ఉంటయి.

ఈ పని అసలు ఏంది

నేను పనిచేసింది ఒక ట్రస్టులో. పేరు అక్కర లేదు. కామారెడ్డిలో ఒక క్లినిక్, ఎల్లారెడ్డిలో ఒక క్లినిక్, ఊర్లల్లో తిరిగే నర్సులు. నేను డిగ్రీ అయినంక ఎల్లారెడ్డి క్లినిక్‌లో కంప్యూటర్ ముందు కూర్చున్న. మొదట్లో నాకు తెలిసింది టైపింగ్ ఒక్కటే.

రెండు క్లినిక్‌లకు రెండు కంప్యూటర్లు. ఒకదానికి ఇంకోదాని మాట తెల్వది. రెండు చోట్లా పేషెంట్లకు ఒకటి నుంచి నంబర్లు ఇచ్చుకుంటూ పోయిన్రు. కలవకుండా ఉండాలని ఎల్లారెడ్డిలో మాత్రం ప్రతి నంబరుకు ముందు ఒక సున్నా పెట్టిన్రు. కామారెడ్డిలో 417 అంటే స్టేషన్ దగ్గర బట్టలు కుట్టే ఒకామె. ఎల్లారెడ్డిలో 0417 అంటే లింగంపేటలో బీడీలు చేసే సావిత్రి. ఇద్దరి మధ్య తేడా ఆ ఒక్క సున్నానే.

చాన ఏండ్ల తర్వాత ట్రస్టు వాళ్లు ఒక సర్వర్ కొని కామారెడ్డిలో పెట్టి, నన్ను కూడా అక్కడికే మార్చిన్రు. సర్వర్ అంటే ఇంకేం లేదు, అందరి రిపోర్టులు ఒక్కచోట దాచే పెద్ద కంప్యూటర్. రెండు క్లినిక్‌లు ఇక దాన్నే అడగాలె. ప్రతి మనిషికి ఒక కొత్త నంబరు. నర్సులు ఇల్లిల్లు తిరిగి, చేతిలో ఉన్న పాత చీటీ చూసి, పాత నంబరు పక్కన కొత్త నంబరు రాసుకొని వచ్చిన్రు. వాటన్నిటినీ నేను ఒక ఫైలు చేయాలె. ఎడమ దిక్కు పాత నంబరు, కామా, కుడి దిక్కు కొత్త నంబరు. ఒక వరుసకు ఒక మనిషి.

ఆ ఫైలును సర్వర్‌కు అప్పజెప్పేది మౌస్‌తో కాదు. నల్లటి తెర ఒకటి ఉంటది. అందులో ఇంపోర్ట్ అనే మాట, ఫైలు పేరు, వెనకాల ఒకటి రెండు గుర్తులు టైపు చేసి ఎంటర్ కొట్టాలె. అప్పుడు సర్వర్ పాత రిపోర్టులన్నీ తిరగేసుకుంటూ పోతది. ఏ రిపోర్టు మీద ఏ పాత నంబరు ఉందో చూసి, మన ఫైలులో దానికి ఎదురుగా ఉన్న కొత్త నంబరుకు దాన్ని తగిలిస్తది. పదిహేనేండ్ల కిందటి బీపీ చీటీ, రక్తం రిపోర్టు, పిల్లల టీకా, అన్నీ వాటి వాటి మనుషులను వెతుక్కుంటూ పోతయి. నల్ల తెర మీద వరుసలు పరుగెత్తుతుంటే నాకు జాతరలో తప్పిపోయినోళ్లు ఇంటోళ్లను దొరకబట్టుకున్నట్టు కనిపించేది. ఎంటర్ మీద వేలు పెట్టినప్పుడు గుండె కొట్టుకునేది నాకు వినపడేది. అది చివరి రోజు దాకా పోలేదు.

పిల్లలూ, మీ పని నంబర్లు ఎక్కించుడు కాదు. ఈమె, ఆమె ఒక్కరే అని చెప్పుడు. లేదంటే ఒక్కరు కాదు అని చెప్పుడు. ఈ మాట డాక్టర్ చెప్పదు, మేనేజర్ చెప్పడు. మీరే చెప్పాలె.

సున్నాలు పోయిన రోజు

మొదటిసారి ఎక్కించిన రోజు నేను పండుగకు తయారైనట్టు తయారై పోయిన. రెండు ఫైళ్లు చేసుకున్న, కామారెడ్డిది ఒకటి, ఎల్లారెడ్డిది ఒకటి. ముందు కామారెడ్డిది ఎక్కించిన. ఇబ్బంది లేకుండా పోయింది.

ఎల్లారెడ్డి ఫైలులో అక్కడక్కడ ఖాళీలు, చుక్కలు ఉండె. శుభ్రం చేద్దామని దాన్ని స్ప్రెడ్‌షీటులో తెరిచిన. సర్దిన, సేవ్ చేసిన. చూడ ముచ్చటగా వచ్చింది, అన్ని నంబర్లు కుడి అంచుకు వరుసగా నిలబడ్డయి. ఎందుకు నిలబడ్డయో నాకు తట్టలేదు. స్ప్రెడ్‌షీటు వాటిని లెక్కల అంకెలనుకున్నది. అంకెకు ముందు సున్నాతో పనేముంది? తీసి పారేసింది. ఎల్లారెడ్డి 0417 ఒట్టి 417 అయి కూర్చున్నది.

అంతటితో ఆగినా సర్వర్ పట్టుకునేది. 417 ఇప్పటికే ఉంది గద, మళ్లీ వేరే మనిషికి ఇస్తున్నవేంది అని అడిగేది. కానీ నేను కమాండ్ వెనకాల ఇంకో గుర్తు పెట్టిన. "ముందే ఉంటే దాని మీదనే రాసెయ్" అనే గుర్తు. సర్వర్ అమ్మినోళ్ల మనిషి ఫోనులో చెప్పిండు, అది పెడితే మధ్యలో ఆగకుండా పోతదని. ఆగకుండా పోవుడే నాకు కావాలనిపించింది. ఆయన్ను అనేందుకు లేదు. ఆ గుర్తు ఏం చేస్తదో చదువుకోకుండా పెట్టింది నేను.

ఎంటర్ కొట్టిన. వరుసలు ఉరికినయి. చివరికి తెర మీద వచ్చింది: అన్నీ ఎక్కినయి, తప్పులు లేవు.

నేను లేచి పోయి మా మేనేజర్ సార్‌కు చెప్పిన. ఆయన హైదరాబాద్‌లో ట్రస్టు ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పిండు. అందరం సంబరపడ్డం. తప్పులు లేవు అంటే సర్వర్‌కు అర్థం కాని వరుస లేదని అర్థం. నేను చెప్పింది నిజమని కాదు. ఆ రెండింటికి ఎంత దూరం ఉందో నాకు అయిదు రోజుల తర్వాత తెలిసింది.

రాజమణి ఇయ్యని చీటీ

లింగంపేట దిక్కు ఊర్లు చూసే నర్సు పేరు రాజమణి. నాకన్న రెండేండ్లు పెద్ద. ఆమె దగ్గర ఒక లావు నోట్‌బుక్ ఉండేది. కంప్యూటర్ వచ్చినంక కూడా అందులో రాసుడు మానలేదు. మీటింగుల్లో మేము దాన్ని చూసి నవ్వేటోళ్లం. ముందుగల్ల నవ్వేది నేనే.

ఎక్కించిన అయిదో రోజు పొద్దున పది గంటలకు ఆమె ఫోన్ వచ్చింది.

"మేడం, మా సావిత్రి రక్తం మారింది."

"రక్తం ఎట్ల మారుతది సిస్టర్?"

"అదే నేను నిన్ను అడుగుతున్న. నా బుక్కుల బీ నెగిటివ్ ఉన్నది. మీ మిషన్ల బీ పాజిటివ్ అని వస్తున్నది."

"నువ్వు రాసేటప్పుడు తప్పు రాసినవేమో చూడు."

ఆమె నెమ్మదిగా అన్నది. "ఆమెకు నెలలు నిండినయి. ఇయ్యాలో రేపో అన్నట్టున్నది. పెద్ద దవాఖానకు పంపే చీటీ మీ మిషన్‌లకెల్లి అచ్చయి వచ్చింది, పాజిటివ్ అని. నేను ఇయ్యలే. చీటీ నా చేతులనే పెట్టుకొని నిల్చున్న. నువ్వు వచ్చి చెప్తెనే ఇస్త."

ఈ సంగతి కొత్త పిల్లలకు తెలియాలె. తల్లి రక్తం నెగిటివ్, పుట్టిన బిడ్డది పాజిటివ్ అయితే, కాన్పయిన మూడు రోజుల్లోపల తల్లికి ఒక సూది ఇయ్యాలె. ఇయ్యకుంటే మళ్లీ కాన్పులో బిడ్డకు ప్రాణం మీదికి వస్తది. చీటీ మీద పాజిటివ్ అని ఉంటే, రద్దీలో ఎవరైనా మళ్లీ చూడకుండా వదిలేస్తే, ఆ సూది గురించి అడిగేటోళ్లే ఉండరు.

కామారెడ్డిలో ఎల్లారెడ్డి బస్సెక్కి లింగంపేటలో దిగిన. రాజమణి బస్టాండ్‌లోనే నిలబడి ఉన్నది. ఇద్దరం సావిత్రి ఇంటికి పోయినం. ఆమె అరుగు మీద గోడకు ఆనుకొని, పెద్ద కడుపు మీద చాట పెట్టుకొని బీడీలు చుడుతున్నది. ఇరవై రెండు, ఇరవై మూడేండ్లు ఉంటయేమో.

"పాత చీటీ ఏదమ్మా?" అని అడిగిన.

చాటలో తునికాకుల కింద చెయ్యి పెట్టి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చీటీ తీసింది. "నాది నెగిటివ్ అని రాజమణక్క చెవుల ఇల్లు కట్టుకొని చెప్పింది మేడం. మా ఆయన గల్ఫ్‌ల ఉంటడు, ఆయనకు గూడ ఫోన్ల చెప్పిచ్చింది. మీకే తెల్వదా?"

చీటీ మీద 0417 అని ఉంది. నా చేతిరాతనే. ఆ సున్నాను చూస్తూ నిలబడ్డ. స్ప్రెడ్‌షీటులో కుడి అంచుకు వరుసగా నిలబడ్డ నంబర్లన్నీ ఒక్కసారి కండ్ల ముందుకు వచ్చినయి. ఒక్క సావిత్రి కాదు. ఎల్లారెడ్డి నంబర్లన్నిటికీ సున్నా పోయింది.

చెప్పాలె అని తెలిసిన అరగంట

లింగంపేట నుంచే మా మేనేజర్ సార్‌కు ఫోన్ చేసిన. ఆయన చెడ్డ మనిషి కాదు. నా పెండ్లికి వచ్చి పనులన్నీ మీదేసుకొని చేసిన మనిషి. విని ఇట్ల అన్నడు: "ఆ సావిత్రిది ఒక్కటి చేత్తో దిద్దెయ్. మిగతావి నెమ్మదిగ చూద్దం. ఎవ్వలకు చెప్పకు. కొత్త సర్వర్ మీద నమ్మకం పోతది."

సరే సార్ అన్న. దాచుకోను, అరగంట సేపు నాకు ఆ మాట నచ్చింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ఎవరికీ తెలియకుండా ఎన్ని రోజుల్లో దిద్దొచ్చో ఆలోచించిన. అంతట్ల నాకు స్టేషన్ దగ్గర బట్టలు కుట్టే ఆమె, అదే కామారెడ్డి 417, గుర్తుకొచ్చింది. సావిత్రి పేరు మీద వచ్చిన పాజిటివ్ ఈమె రక్తమే. ఆమె రిపోర్టులన్నీ సావిత్రికి పోతే, ఆమె పేరు కింద ఏముంటది? ఏం ఉండదు. ఆమె షుగర్ మనిషి. రేపు పొద్దున క్లినిక్‌కు వస్తే తెర మీద ఒట్టి పేరు కనపడతది.

కామారెడ్డిలో దిగి నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయిన. ఆమె మా ట్రస్టులో అందరికన్న పెద్ద, తక్కువ మాట్లాడే మనిషి. జరిగింది జరిగినట్టు చెప్పిన. సున్నా సంగతి, గుర్తు సంగతి, మేనేజర్ సార్ చెప్పిన మాట కూడా.

"ఎంతమందివి తప్పినయి?" అని అడిగింది.

"తెల్వది మేడం. చూడాలె."

"తెలిసేదాక అందరివి తప్పినట్టే."

అంతే అన్నది. లేచి, రెండు క్లినిక్‌లకు ఫోన్ చేసి, కంప్యూటర్ చూసి ఏ ఒక్క గోలీ రాయొద్దు, పాత కాగితాలు తెప్పించి చూడుండ్రి అని చెప్పింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది.

మూడో రోజు మధ్యాహ్నం రాజమణి ఫోన్ వచ్చింది. సావిత్రికి ముందురోజు రాత్రి బిడ్డ పుట్టింది. బిడ్డది పాజిటివ్. రాజమణి నోట్‌బుక్ పట్టుకొని కాన్పు గది ముందర కూర్చొని, డ్యూటీ మారి వచ్చిన ప్రతి నర్సుకు అదే మాట చెప్పిందంట. తెల్లారంగనే సూది పడ్డదంట. నేను ఫోన్ పెట్టేసి, సర్వర్ గదిలో ఏసీ చప్పుడులో నిలబడి, ఒక్కదాన్నే నవ్వుకున్న. ఆ రోజు నుంచి ఆ నోట్‌బుక్‌ను చూసి ఎవరైనా నవ్వితే నేను ఒప్పుకోలేదు.

తెలిసిన మనుషులు పది మంది

మొదటి ఇంపోర్టును పూర్తిగా వెనక్కి తీసుకున్నం. ఎక్కించే ముందర సర్వర్‌కు ఒక నకలు తీసి పెట్టుకున్న గనుక బతికిపోయిన. ఆ రోజు చేసిన పనుల్లో సరైనది అదొక్కటే.

రెండోసారి నేను స్ప్రెడ్‌షీటు ముఖం చూడలేదు. రెండు క్లినిక్‌లవి కలిపి ఒక్కటే ఫైలు, ఒట్టి అక్షరాల ఫైలు, సున్నాలు సున్నాల్లాగనే ఉండేది. మీద రాసే గుర్తు తీసేసిన. దాని బదులు వేరే గుర్తు పెట్టిన: "ఏం ఎక్కించకు, ఊరికే చూసి చెప్పు". మొదటిసారి కూడా ఆ గుర్తు ఉండె. సూచనల పుస్తకంలో రెండో పేజీలోనే ఉండె.

అంతకన్న ముఖ్యమైంది ఇంకోటి చేసినం. ఊర్లల్లో తిరిగే నర్సులందరినీ నోట్‌బుక్కులతోటి కామారెడ్డికి రమ్మన్నం. ఒక్కొక్కరు తమకు బాగా తెలిసిన పది మంది పేర్లు ఇయ్యాలె. పొరపాటు పడేందుకు వీల్లేని మనుషులు. ఎక్కించినంక ముందు వాళ్లనే చూస్తం.

రాజమణి మొదటి పేరు ఇచ్చింది. "పోచారంల చేపలు పట్టేటాయన. ఒక కాలు తీసేసిన్రు. ఎక్స్‌రేల రెండు కాళ్లు కనపడితే మీ మిషన్ తీస్కపోయి ఆ చెరువులనే పారేయుండ్రి."

హాలంతా నవ్వింది. ఒక నర్సు కవల పిల్లల పేర్లు ఇచ్చింది. ఒకామె తన సొంత అత్త పేరు ఇచ్చింది.

ముందు ఊరికే చూసే ఇంపోర్టు నడిపిన. తెర మీద జవాబు: తొమ్మిది వరుసలు తప్ప అన్నీ సరిగున్నయి. ఆ తొమ్మిది పక్కకు వేరే ఫైలులో పడ్డయి.

మేనేజర్ సార్ నా వెనక నిలబడి ఉన్నడు. "తొమ్మిదే గద. వదిలెయ్" అన్నడు.

"తొమ్మిది వరుసలు కాదు సార్, తొమ్మిది నంబర్లు. వాటి వెనక మనుషులున్నరు. ఇవి పక్కన పెట్టి మిగతావి ఎక్కిస్త, కానీ వదలను."

ఆయన కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చున్నడు. మా ఇద్దరి మధ్య ఆ రోజుతో ఏదో తేలికైంది.

అసలు కమాండ్ టైపు చేసిన. ఒకసారి చదివిన. రాజమణిని పిలిచి అక్షరం అక్షరం గట్టిగా చదవమన్న, ఆమెకు అర్థం కాకపోయినా సరే. రెండో మనిషి కంటికి కనపడేది మన కంటికి కనపడదు. ఎంటర్ కొట్టిన.

వరుసలు ఉరికినయి. ఆగినయి. నర్సులు ఒక్కొక్కరు లేచి పేరు చెప్తున్నరు, నేను తెరుస్తున్న. కవల పిల్లలు, ఇద్దరివి వేరు వేరు టీకాలు. అత్తగారు, అత్తగారి బీపీ. బట్టలు కుట్టే ఆమె షుగర్ రిపోర్టులు ఆమె దగ్గరికే వచ్చినయి. సావిత్రి, బీ నెగిటివ్. చేపలు పట్టేటాయన ఎక్స్‌రే తెరుచుకునే సరికి హాల్లో అందరు మా కంప్యూటర్ చుట్టూ మూగిన్రు. ఒక్కటే కాలు. ఎవరో చప్పట్లు కొట్టిన్రు, తర్వాత అందరు కొట్టిన్రు. డాక్టరమ్మ గడప దగ్గర నిలబడి చూసి, మాట మాట్లాడకుండా పోయి, మిర్చీ బజ్జీలు తెప్పించి పంపింది. నా సర్వీసులో నాకు శాలువా కప్పిన సభలు రెండు మూడున్నయి. వాటిల్లో ఎవరేం మాట్లాడిన్రో గుర్తు లేదు. ఆ మిర్చీల కారం ఇంకా నాలుక మీద ఉంది.

పక్కకు పడ్డ వరుసలు

మర్నాడు ఆ తొమ్మిది వరుసలు ముందేసుకున్న. ఎనిమిది రాసేకాడ తప్పులు. ఆరును సున్నా అనుకున్నది, ఒక వరుస రెండుసార్లు టైపైంది, అట్లాంటివి. మధ్యాహ్నానికి అన్నీ తేలినయి.

తొమ్మిదోది తేలలేదు. ఎడమ దిక్కు 0263. ఆ ఒక్క పాత నంబరుకు కుడి దిక్కు రెండు కొత్త నంబర్లు వచ్చినయి. రెండు పేర్లు కూడా బాలమణే. ఇద్దరి భర్త పేరు సాయిలు. ఊరు లింగంపేట.

రాజమణికి ఫోన్ చేసిన. "ఒక్కామెనే రెండుసార్లు రాసినవా సిస్టర్?"

"లేదు, ఇద్దరున్నరు. ఒకామె బడి దగ్గర, ఒకామె ఊరవతల. ఇద్దరి చీటీ మీద గదే నంబరున్నది. నాగ్గూడ అనుమానం వచ్చింది."

నేను 0263 కింద ఉన్న రిపోర్టులన్నీ తేదీల ప్రకారం పరుచుకున్న. ఇసొంటి పని చేస్తుంటే నాకు ఆకలి గుర్తుండదు. బీపీ, బరువు, రక్తం... దేంట్లోనూ ఏం తేడా పట్టలేకపోయిన. చివరికి ఎవ్వరూ చూడని గడి ఒకటుంది, ఎత్తు. నాలుగడుగుల తొమ్మిది అంగుళాలు. తర్వాతిసారి అయిదడుగుల మూడు. మళ్లీ నాలుగడుగుల తొమ్మిది. ఒక్క మనిషి పెరిగి తరిగి మళ్లీ పెరుగుతదా? నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డ. ఇద్దరు. మొదటి నుంచీ ఇద్దరే. ఏడేండ్లుగా ఇద్దరి రిపోర్టులు ఒక్క పేరు కింద పడుతున్నయి.

ఎత్తును పట్టుకొని రిపోర్టులను రెండు కుప్పలు చేసిన. పొట్టి బాలమణికి అన్ని పరీక్షలు ఉన్నయి. థైరాయిడ్ కూడా చేసిన్రు, మంచిగుంది. పొడుగు బాలమణి మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఒకటే రాసి ఉంది: నీరసం, ముఖం ఉబ్బు, ఎప్పుడూ నిద్ర. పక్కన డాక్టర్లు రాసింది: థైరాయిడ్ రిపోర్టు బాగుంది, భయం లేదు. అది ఆమె రిపోర్టు కాదు. ఆమెకు ఆ పరీక్ష చేయనే లేదు. నాలుగోసారి ఆమె రాలేదు.

ఇద్దరిని ఒక్కరు చేసింది ఎవరు? పాత కంప్యూటర్ అది కూడా దాచి పెట్టింది. 0588 అనే నంబరు ఒకటి ఉండేది. "రెండుసార్లు రాసిన్రు" అని దాన్ని కొట్టేసి 0263లో కలిపి, ఆ నంబరుతోనే కొత్త చీటీ ఇచ్చిన్రు. కలిపిన మనిషి పేరు కాడ, పేరును పొట్టి చేసి రాసే మూడక్షరాలు. నావే. పేరు అదే, భర్త పేరు అదే, ఊరు అదే అని కలిపేసిన. అప్పుడు వయసు గడి, ఎత్తు గడి పక్కనే ఉన్నయి. చూడలేదు.

రాజమణి అదే వారం పోయి పొడుగు బాలమణి రక్తం తీసుకొచ్చింది. రిపోర్టు చూసి డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి పెట్టింది. "ఈమె ఇన్నేండ్లు ఎట్ల నడిచింది?" అన్నది. రోజూ పరగడుపున ఒక గోలీ రాసింది.

బాలమణికి చెప్పిన మాట

మీ రిపోర్టులు వేరేవాళ్లతో కలిసిపోయినయి అని రాజమణి బాలమణికి చెప్పింది. ఎవరు కలిపిన్రో చెప్పలేదు. చెప్పాల్సింది నేను. మూడు నెలలు పోలేదు. ఈ వారం ఆడిట్, వచ్చే వారం మీటింగ్ అని నాకు నేను సాకులు చెప్పుకున్న. పిల్లలూ, తప్పు చేసినందుకు నేను ఇప్పుడు అంతగా సిగ్గుపడను. ఆ మూడు నెలలకు సిగ్గుపడుతా.

చివరికి ఒక మంగళవారం పొద్దున బస్సెక్కిన. రాజమణి తోవ చూపించింది. ఊరవతల మక్క చేనుల పక్కన రెండర్రల ఇల్లు. ముందర చెట్టు నీడలో అయిదారుగురు ఆడోళ్లు చాటలు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతున్నరు. అందులో పొడుగామె లేచి నిలబడ్డది. నలభై ఏండ్లుంటయి. ముఖంలో ఉబ్బు లేదు. చేతులు చురుగ్గా ఉన్నయి.

"మంచిగున్నవా అక్కా?" అని రాజమణి అడిగింది.

"మంచిగున్న. పొద్దున లేస్తున్న. ఇంతకుముందు లెవ్వకపోదును" అన్నది. గొంతు కూడా తేటగా ఉంది.

ఆమెను పక్కకు పిలిచి, గోడ పక్కన నిలబడి, చెప్పిన. "మీ నంబరును ఇంకో బాలమణి నంబరులో కలిపింది నేను. చూసుకోకుండ కలిపిన. మీకు రోగం లేదన్నది అందుకే. నన్ను ఏమన్నా అనుండ్రి."

నేను తిట్లకు తయారుగా నిలబడ్డ.

"అంటే అప్పుడు గూడ నాకు రోగమున్నట్టేనా?" అని అడిగింది.

"ఉన్నట్టే. అంతకుముందు నుంచే ఉన్నది."

"నేను యేషాలు ఎయ్యలే గద?"

"లేదు."

ఆమె ఊపిరి గట్టిగా వదిలింది. "ఏడేండ్లు నన్ను పనిదొంగ అన్నరు మేడం. దవాఖానోళ్లే ఏం లేదన్నంక నాకు నోరేడిది? మా ఆయన అన్నడు. మా అత్త అన్నది. గీ ఆడోళ్లందరు అన్నరు. నాకు గిట్ల గోడ పక్కకు చెప్తే ఏం లాభం? ఆడికొచ్చి చెప్పుండ్రి."

నా చెయ్యి పట్టుకొని చెట్టు కిందికి తీసుకపోయింది. లోపలికి చూసి "ఏమయ్యా, ఇటు రా" అని పిలిస్తే సాయిలు తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చిండు. అరుగు మీద అత్త కూర్చొని ఉన్నది. బీడీలు చుట్టే చేతులన్నీ ఆగినయి.

నేను ఆఫీసర్ల ముందర మాట్లాడిన, హైదరాబాద్‌లో పెద్ద హాల్లో మైకు పట్టుకొని మాట్లాడిన. అప్పుడెప్పుడూ మాటలను ఇట్ల ఏరుకోలేదు. ఒక్కొక్క మాట తీసుకొని చెప్పిన. ఈమెకు ఏడేండ్ల నుంచి జబ్బున్నది. నిజమైన జబ్బు. తప్పు ఈమెది కాదు, మాది. నేను చేసిన తప్పు. ఈమె ఒక్కరోజు కూడ అబద్ధమాడలేదు.

సాయిలు తువ్వాల భుజం మీద వేసుకొని, తల వంచుకొని నిలబడ్డడు. ఆడోళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు.

బాలమణి మాత్రం నా చెయ్యి వదల్లేదు. మెడ తిప్పి అరుగు దిక్కు చూసింది.

"ఇంకోసారి చెప్పు మేడం" అన్నది. "గట్టిగ చెప్పు. మా అత్తకు సరిగ ఇనపడదు."

నేను అరుగు దగ్గరికి పోయి, ముసలామె ముందర వంగి, చేనులో ఉన్నోళ్లకు కూడా వినపడేటట్టు మొదటి నుంచి మళ్లీ చెప్పిన.